వెనక కాలు బిగుసుకునే గుర్రానికి వ్యాయామం

సభకు నమస్కారం. ఉదయం లాయం నుంచి బయటికి తీసినప్పుడు వెనక కాలొకటి కర్రలా చాపుకుని, గిట్ట కొసను నేలకు ఈడుస్తూ నాలుగడుగులు వేసి, ఉన్నట్టుండి కాలు విదిలించి మామూలుగా నడిచిపోయే పడుచు గుర్రాలను మీలో చాలామంది చూసే ఉంటారు.

గుర్రం నిలబడే కునుకు తీయడానికి వీలు కల్పించే ఏర్పాటే ఇక్కడ చిక్కు తెస్తుంది. వెనక కాలిలో మన మోకాలికి సాటివచ్చే కీలు పొట్ట పక్కగా, పైన ఉంటుంది. నిలబడినప్పుడు ఆ కీలు చిప్పకు లోపలివైపున్న లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ, తొడ ఎముక చివరి గట్టుకు తగులుకుని కాలు మడవకుండా ఆపుతుంది. అడుగు వేయబోయే ముందు తొడ కండరం చిప్పను పైకి లాగి విడిపిస్తుంది. ఆ కండరం ఇంకా బలపడని లేత వయసు గుర్రాల్లోనూ, వెనక కాళ్లు మరీ నిటారుగా ఉన్నవాటిలోనూ, చాలాకాలం కట్టేసి ఉంచడంవల్ల కండ కరిగినవాటిలోనూ చిప్ప సమయానికి విడివడదు.

కనుక కాలు పట్టేసిందని గుర్రాన్ని కట్టేస్తే జబ్బును పెంచినట్టే. అయితే పనిలో పెట్టేముందు పశువైద్యునికి చూపించాలి, ఎందుకంటే మడమ కీలు అరుగుదలలోనూ నడక బిగుస్తుంది, వెన్నుపాము జబ్బుల్లోనూ కాలు ఈడుస్తుంది. కాలు పొట్టకు తగిలేలా ఎగరేసే స్ట్రింగ్‌హాల్ట్ అనే జబ్బు వేరే సంగతి.

చిప్ప తగులుకోవడమేనని తేలాక, మొదట గట్టి నేలమీద తిన్నగా, చురుకైన నడక. అది కుదిరాక ఏటవాలు తక్కువగా ఉన్న మెరక ఎక్కించాలి, ఎందుకంటే ఎక్కేటప్పుడు శరీరాన్ని ముందుకు నెట్టే పనిలో ఎక్కువ భాగం వెనక కాళ్లదే. నేలమీద దుంగలను సుమారు మూడడుగుల ఎడంలో పరిచి, గుర్రం అంగను బట్టి సర్ది, వాటిమీదుగా నడిపిస్తే కాలు మడిచి ఎత్తడం అలవాటవుతుంది. ట్రాట్ అనే తేలికపాటి పరుగు ఆ తరువాతే. తాడు కట్టి చిన్న గుండ్రంలో తిప్పడం మనవాళ్లకు మహా ఇష్టం గానీ, ఇరుకు మలుపుల్లోనే చిప్ప ఎక్కువగా పట్టేస్తుంది. కాళ్లు దిగబడే ఇసుకలో కండరం త్వరగా అలసి, చిప్పను విడిపించే శక్తి తగ్గిపోతుంది. గిట్టలు అతిగా పెరగకుండా, ముఖ్యంగా వెనక కాళ్ల గిట్ట కొస పొడవు పెరగకుండా లాడాలు వేసేవారు చూడాలి.

లాయంలోనే కాలు పట్టేస్తే కళ్లెం పట్టి ముందుకు లాగకండి. మెల్లగా రెండడుగులు వెనక్కి నెడితే చాలాసార్లు చిప్ప జారి విడివడుతుంది. లిగమెంటును కోసేస్తే పని తేలికని ఒకప్పుడు విరివిగా కోసేవారు. దానివల్ల కొన్ని గుర్రాల్లో చిప్ప కింది అంచు చిట్లి కుంటు మిగులుతుందని తెలిశాక, కొన్ని నెలల వ్యాయామం ఫలించనప్పుడే కత్తి పట్టుకుంటున్నారు.