ఏ ఎలుక? ఎంత వయసు?

అందరికీ నమస్కారం.

మెదడువాపు పేరు వింటే పిల్లలున్న ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. వరి పొలాల నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు పందులను, కొంగలను కుట్టి, వాటిలో ఉండే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వైరస్‌ను మన పిల్లలకు ఎక్కిస్తాయి. జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం. బతికి బయటపడ్డ పిల్లల్లో కూడా చాలామందికి మాటో, నడకో దెబ్బతింటుంది. ఆ సమయంలో బిడ్డ మెదడులో ఏం జరుగుతోందో మనం తెరిచి చూడలేం. అందుకే చిట్టెలుకల మీద ఆధారపడతాం.

వాటి వల్ల తెలిసిన ఒక పెద్ద విషయం చెబుతాను. ఎల్‌సీఎంవీ (లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ వైరస్) అని ఎలుకలకు సోకే ఒక వైరస్ ఉంది. దాన్ని ఎదిగిన ఎలుక మెదడులోకి ఎక్కిస్తే వారం అటూ ఇటూగా ఫిట్స్ వచ్చి చనిపోతుంది. టి-కణాలు, అంటే వైరస్ సోకిన కణాలను వెతికి చంపే రక్షణ కణాలు, లేని ఎలుకకు ఎక్కిస్తే వైరస్ ఒంట్లోనే ఉంటుంది గానీ ఎలుక చనిపోదు. అంటే చంపుతున్నది వైరస్ కాదు, దాన్ని తరమడానికి మెదడు పొరల్లోకి దూసుకొచ్చే సొంత రక్షణ కణాలే. ఈ వైరస్‌తోనే ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే శాస్త్రవేత్తలు టి-కణాలు వైరస్ సోకిన కణాన్ని ఎలా గుర్తుపడతాయో కనిపెట్టారు. వాళ్లకు 1996లో నోబెల్ వచ్చింది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లకు ఎల్‌సీఎంవీ సోకితే అప్పటికప్పుడు జబ్బు పడకుండా దాన్ని జీవితాంతం మోస్తుంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌లో ఇది తలకిందులు: పసికూన కొద్దిపాటి వైరస్‌కే చనిపోతుంది, చర్మం కింద ఇస్తే ఎదిగిన ఎలుక చాలాసార్లు తట్టుకుంటుంది.

జాతి సంగతి ఇంకా ముఖ్యం. వెస్ట్ నైల్ లాంటి ఫ్లావివైరస్‌లను (జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ కూడా ఈ కుటుంబానిదే) అడ్డుకునే ఓఏఎస్1బి జన్యువు అడవి ఎలుకలు కొన్నింటిలో సరిగ్గా పనిచేస్తుంది. మనం ల్యాబ్‌లో రోజూ వాడే జాతుల్లో అది మధ్యలోనే తెగిపోయి ఉంటుందని 2002లో తేలింది. అదే కుటుంబానికి చెందిన జికా వైరస్ విషయంలో సమస్య వేరు. మనిషి కణాల్లో ఆ వైరస్ స్టాట్2 ప్రొటీన్‌ను నాశనం చేసి ఇంటర్‌ఫెరాన్ రక్షణను, అంటే వైరస్ వచ్చిందని కణాలు ఒకదానికొకటి ఇచ్చుకునే హెచ్చరికను, దెబ్బతీస్తుంది, ఎలుక స్టాట్2ను మాత్రం ఏమీ చేయలేదు. కాబట్టి జబ్బు వచ్చేలా, ఆ హెచ్చరికను అందుకునే ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాలు తీసేసిన ఎలుకలను వాడాల్సి వచ్చింది. అలాంటి ఎలుక టీకాకు ఎలా స్పందించిందో చూసి మనిషి గురించి చెప్పేముందు నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

విద్యార్థులకు ఒక మాట. "ఎలుకల్లో మందు పనిచేసింది" అన్న పేపర్ చేతికి రాగానే మందు ఎప్పుడు ఇచ్చారో చూడండి. వైరస్‌తో పాటే ఇచ్చారా, జబ్బు లక్షణాలు కనిపించాక ఇచ్చారా? మన ఆసుపత్రికి బిడ్డ జ్వరం మొదలై కొన్ని రోజులయ్యాక, చాలాసార్లు ఫిట్స్ వచ్చాకే వస్తుంది. ఆ దశలో ఉన్న ఎలుకకు ఇచ్చి చూపించని మందును పిల్లల దాకా తీసుకెళ్లే తొందర వద్దు. ఆ ప్రయోగం కష్టమే. ఎలుక బాధ ఎక్కువవుతుంది కాబట్టి, ఎక్కడ ఆపాలో జంతు నైతిక కమిటీతో ముందే తేల్చుకోవాలి. అయినా చేయాల్సింది అదే ప్రయోగం.