ఫెలోషిప్ ఆలస్యమైతే ఏమవుతుంది?

(విశాఖ పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని ప్రకటించింది. అప్పట్నుంచి ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. అంత పెద్ద కంపెనీలు ఊళ్లోకే వస్తుంటే కంప్యూటర్ సైన్సు పరిశోధనకు మళ్లీ సర్కారు సొమ్ము దేనికి, రోడ్లకో ఆస్పత్రులకో పెట్టుకోవచ్చు కదా అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పేముందు ఆ సొమ్ము ఎక్కడ ఖర్చవుతుందో చూద్దాం. కంప్యూటర్లు కొనడానికేగా అనుకుంటారు చాలామంది.

ఒక మామూలు ప్రాజెక్టు లెక్క వేద్దాం. మూడేళ్లు, ఒక అధ్యాపకుడు, ఒక పరిశోధక విద్యార్థి, అంటే స్కాలరు. నెట్ లేదా గేట్ పరీక్ష అర్హతతో చేరిన జూనియర్ రీసెర్చ్ ఫెలోకి (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. ఇంటద్దె కోసం కేంద్రం చేసిన నగరాల విభజనలో విశాఖ వై తరగతి కాబట్టి ఇంటద్దె 20 శాతం లెక్కన 7,400. వెరసి 44,400. రెండేళ్లకు 10,65,600. మూడో ఏడు సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్) అయితే 42,000, దానిమీద అద్దె 8,400. ఆ ఏడాదికి 6,04,800. అంటే మూడేళ్లలో ఒక్క మనిషికి 16,70,400 రూపాయలు. ప్రాజెక్టు మొత్తం ముప్పై లక్షలనుకుంటే సగానికి పైగా ఇదే. తక్కినదాంట్లో ఏఐ లెక్కలు వేగంగా చేసే జీపీయూ కార్డులున్న ఒక మెషీన్, డేటా ఖర్చులు, ప్రయాణాలు, చిల్లర ఖర్చుల కంటింజెన్సీ, వసతులు వాడుకున్నందుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చే ఓవర్‌హెడ్ సర్దుకోవాలి.

మెషీన్ దగ్గర కొత్తవాళ్లు తరచుగా బోల్తాపడతారు. 700 కోట్ల పారామీటర్ల భాషా నమూనా ఒకటి ఉందనుకోండి. పారామీటర్లంటే శిక్షణలో అది నేర్చుకునే అంకెలు. పారామీటరుకు 2 బైట్ల చొప్పున 14 జీబీ. 24 జీబీ మెమరీ ఉన్న కార్డులో హాయిగా పడుతుంది కదా అని ప్రతిపాదనలో అదే రాసి పంపేస్తారు. నడపడానికైతే సరే. మొత్తం నమూనాకు శిక్షణ ఇవ్వాలంటే ప్రతి అంకెనూ ఎటు, ఎంత మార్చాలో చెప్పే గ్రేడియంట్లు, ఆ మార్పులు చేసే ఆడమ్ ఆప్టిమైజరు అనే పద్ధతి దాచుకునే విలువలు అన్నీ కలిపి పారామీటరుకు సుమారు 16 బైట్లు కావాలి. అంటే 112 జీబీ. కార్డు వచ్చాక ఆ సంగతి తెలిస్తే చేయగలిగింది ఒక్కటే: నమూనాను 4 బిట్లకు కుదించి, పైన తగిలించే అడాప్టర్లనే చిన్న భాగాలకు మాత్రమే శిక్షణ ఇచ్చుకుంటూ నెట్టుకురావడం. ప్రతిపాదనలో ఏ పని చేస్తామని రాశారో ఆ పని దీంతో అవుతుందో లేదో ముందే చూసుకోవాలి. ఇంకోటి, కొటేషన్‌లో కార్డు ధర ఉంటుంది గానీ ఏసీ, యూపీఎస్ ఉండవు. 350 వాట్ల కార్డులు నాలుగు రాత్రింబగళ్లు తిరిగితే వాటికే 1.4 కిలోవాట్లు. పైగా మనది ఉప్పుగాలి ఊరు. కిటికీలు తెరిచిన గదిలో సర్వరు పెడితే కాంటాక్టులు తుప్పుపట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. కరెంటు బిల్లు ఓవర్‌హెడ్‌లోంచి పోవాలా, డిపార్ట్‌మెంటు కట్టాలా అన్నది మెషీన్ రాకముందే కాగితం మీద తేల్చుకోవడం మంచిది.

ఇవన్నీ సరిచేసుకోగలిగినవి. సరిచేసుకోలేనిది నెలలు పోవడం.

డబ్బు ఎలా వస్తుందో చూడండి. నిధులిచ్చే సంస్థ నుంచి మంజూరు ఉత్తర్వు, అంటే శాంక్షన్ ఆర్డరు వస్తుంది. ప్రాజెక్టు ఖాతా తెరవాలి. మొదటి విడత పడ్డాక స్కాలరు కోసం ప్రకటన, సెలెక్షన్ కమిటీ, నియామకపు ఉత్తర్వు. ఇవి మూడు నెలల్లో పూర్తయితే అదృష్టమే. విడత నవంబరులో పడిందనుకుంటే మనిషి ఫిబ్రవరిలో చేరతాడు. మార్చి 31కి ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. సొమ్ము దేనికిచ్చారో దానికే వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), ఖర్చుల పట్టిక పంపాలి. జీతాల పద్దులో రెండు నెలల ఖర్చే కనబడుతుంది. కొన్ని పథకాల్లో మిగులు వెనక్కి పోతుంది, కొన్నింట్లో తర్వాతి విడతలోంచి తగ్గిస్తారు. యూసీలో అంకె ఒకటి ఖర్చుల పట్టికతో కలవకపోయినా, ఖాతా మీద వచ్చిన వడ్డీ వెనక్కి కట్టకపోయినా ఫైలు తిరిగొస్తుంది. ఇలా తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకొన్ని వారాలు. ఈలోగా జూన్ వస్తుంది, జూలై వస్తుంది, స్కాలరుకు ఫెలోషిప్ పడదు. మద్దిలపాలెంలో గదికి అద్దె మాత్రం ఒకటో తారీకుకి కట్టాల్సిందే. రుషికొండ మీద ఏదో కంపెనీ నుంచి ఆఫర్ లెటరు వస్తే ఆ పిల్లవాడు వెళ్లిపోతాడు. అతన్ని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. అతనితోపాటు సగం నడిచిన ప్రయోగాలు, ఎవరికీ అర్థంకాని కోడు, అప్పటిదాకా పెట్టిన కాలం వెళ్లిపోతాయి. కొత్తవాడు మళ్లీ అ ఆల నుంచి మొదలెట్టాలి. మూడేళ్లయ్యాక కాగితం మీద ప్రాజెక్టు పూర్తవుతుంది.

కంప్యూటర్ సైన్సులో ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. పరిశోధన ఫలితాలు ప్రచురించడానికి మిగతా సైన్సుల్లో పరిశోధన పత్రిక ప్రధానం. ఇక్కడ చాలా శాఖల్లో సమావేశం ప్రధానం, దానికి గడువు కచ్చితం. న్యూరిప్స్ లాంటి ఏఐ పరిశోధన సమావేశాలకు వ్యాసం పంపే గడువు సాధారణంగా మే నెలలో పడుతుంది. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఉన్నంతవరకూ పంపొచ్చన్నది నియమం కాబట్టి మనకు మర్నాడు సాయంత్రం 5 గంటల 29 నిమిషాలదాకా వెసులుబాటు. అక్కడికి ఒక్క నిమిషం దాటినా మళ్లీ ఏడాదే. ఆగస్టులో పడిన ఫెలోషిప్పు మేలో తప్పిన గడువును తెచ్చిపెట్టలేదు. ఇంకో చిక్కుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ప్రాజెక్టేమో మూడేళ్లకే ముగుస్తుంది. థీసిస్ రాసే కాలానికి సరిగ్గా డబ్బు ఉండదు.

ఇక కంపెనీల సంగతి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారికి 1994లో కంప్యూటర్ సైన్సులో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మాటను గుర్తుపట్టే యంత్రాల మీద కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో వారి బృందం చేసిన పనికి 1971 నుంచి 1976 దాకా డబ్బిచ్చింది అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ. వెయ్యి పదాలు గుర్తించాలన్నది లక్ష్యం; అక్కడి హార్పీ వ్యవస్థ 1,011 పదాలు గుర్తించింది. లక్ష్యం నెరవేరాక కూడా పథకాన్ని కొనసాగించలేదు! 1980ల్లో నిధులు మళ్లీ మొదలయ్యాకే అదే చోట స్ఫింక్స్ అనే మాటను గుర్తుపట్టే వ్యవస్థ వచ్చింది. ఇవాళ ఫోన్‌తో మాట్లాడితే అది రాసిపెడుతోందంటే అప్పటి పనికి వంతు ఉంది. ఏ కంపెనీ లాభనష్టాల పట్టికా అన్నేళ్లు ఓపిక పట్టదు. అందుకు కంపెనీలను తిట్టక్కర్లేదు, వాటి పని అది.

మన దగ్గరికొస్తే, ఫిషింగ్ హార్బర్‌లో వేటకు వెళ్లే మనిషి మాట్లాడే ఉత్తరాంధ్ర యాసను ఏ యంత్రమైనా సరిగ్గా అందుకోవాలంటే ముందు ఆ మాట రికార్డు కావాలి. వంద గంటల రికార్డింగు అంటే వినడానికి చిన్నదే. ఒక గంట మాటను అక్షరాల్లో పెట్టడానికి అయిదారు గంటలు పడుతుంది, పడవ ఇంజను మోత ఉంటే ఇంకా ఎక్కువ. అంటే అయిదారు వందల గంటల పని, దానిమీద ఇంకొకరు సరిచూడాలి. మాట్లాడినవాళ్ల రాతపూర్వక సమ్మతి, ఎథిక్స్ కమిటీ అనుమతి, వాళ్లకిచ్చే పారితోషికానికి వోచర్లు కావాలి. ఈ ఖర్చు బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాయాలో ముందే అడక్కపోతే ఆడిట్‌లో ఆగుతుంది. ఇంతా చేసి తయారైన డేటాను అందరికీ ఉచితంగా ఇవ్వాలి. అమ్మకానికి పనికిరాని ఈ పనికి ప్రజాధనం తప్ప దిక్కులేదు.

దేశం మొత్తమ్మీద పరిశోధనాభివృద్ధి ఖర్చు 2020-21లో జీడీపీలో 0.64 శాతం. పెరగాలి, అందులో సందేహం లేదు. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు అయిదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో కేంద్ర బడ్జెట్ వాటా 14,000 కోట్లే, మిగిలింది బయటినుంచి రావాలి. ఆ అంకెలు మన చేతిలో లేవు. ఆలస్యాన్ని తట్టుకోవడం మాత్రం కొంతవరకు మన చేతిలోనే ఉంది.

ఏ విశ్వవిద్యాలయమైనా ఒక రివాల్వింగ్ ఫండ్, అంటే ఇచ్చింది తిరిగి జమయ్యే నిధి పెట్టుకోవచ్చు. పదిమంది ప్రాజెక్టు స్కాలర్లకు నెలకు 4,44,000 రూపాయలు, ఆరు నెలలకు 26,64,000. ఇది ఖర్చు కిందకు రాదు, చేబదులు. విడత రాగానే ప్రాజెక్టు ఖాతాలోంచి తిరిగి జమవుతుంది. మూలధనాన్ని పాత ప్రాజెక్టుల ఓవర్‌హెడ్‌లోంచి తీయొచ్చు. షరతులు మూడు చాలు: శాంక్షన్ ఆర్డరు చేతిలో ఉండాలి, యూసీ వేళకు పంపినట్టు రుజువుండాలి, ఒక్కో స్కాలరుకు ఆరు నెలలు మించకూడదు. విడత రాకముందు గడిచిన నెలలకు చెల్లింపును నిధులిచ్చే సంస్థ ఒప్పుకుంటుందో లేదో ప్రతి పథకం నిబంధనల్లో చూసి, లిఖితపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి; ఒప్పుకోకపోతే ఆ మేరకు భారం ఫండ్ మీదే పడుతుందని పాలకమండలికి ముందే చెప్పాలి. ఫైలు డిపార్ట్‌మెంటు హెడ్ నుంచి నేరుగా ఫైనాన్స్ ఆఫీసరుకు వెళ్లాలి. మధ్యలో ఇంకో కమిటీ పెడితే ఆ కమిటీ కూర్చునేసరికే ఆరు నెలలు దాటిపోతాయి.