ఫోన్-ఇన్: పెద్ద దెబ్బ తగిలాక ఒంట్లో కాపలా ఎందుకు సడలుతుంది?

యాంకర్: చీమకుర్తి నుంచి కాల్ ఉంది. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కాస్త తగ్గించి.

కాలర్: నమస్తే సార్. మా ఇంటాయన గ్రానైట్ క్వారీలో చేస్తాడు. రాయి దొర్లి తొడ, తుంటి నలిగిపోయాయి. ఒంగోల్లో ఐసీయూలో పెట్టి పది రోజులైంది. రెండో రోజే జ్వరంతో ఒళ్లు కాలిపోయింది, ఇన్ఫెక్షనేం లేదన్నారు. ఇప్పుడేమో న్యుమోనియా, అది ముదిరి ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్ అంటున్నారు. జలుబు కూడా ఎరగని మనిషి! ఆసుపత్రి వాళ్లే ఏదో తేడా చేశారని మా మరిది గొడవ పడుతున్నాడు.

డాక్టర్: రిపోర్టులు చూడకుండా ఆయన సంగతి ఇదీ అని చెప్పలేనమ్మా. కానీ ఇట్లాంటివి మేం తరచూ చూస్తాం. కండ నలిగినప్పుడు కణాలు పగిలి, లోపల శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ముక్కలు రక్తంలో కలుస్తాయి. అవి ఎప్పుడో బ్యాక్టీరియా నుంచి పుట్టినవే. అందుకే ఒళ్లు వాటిని క్రిములనుకుని తిరగబడుతుంది. క్రిమి లేకుండానే జ్వరం వస్తుంది.

కాలర్: మరి ఇప్పుడొచ్చింది?

డాక్టర్: అసలు కష్టం అక్కడే. ఆ మంట రేగుతుండగానే ఇంకోపక్క ఒంటి కాపలా, అదే ఇమ్యూనిటీ, సడలిపోతుంది. లింఫోసైట్లనే తెల్లకణాలు పెద్దసంఖ్యలో చచ్చిపోతాయి. మోనోసైట్ అనే కణం క్రిమి ముక్కను పట్టుకుని తోటి కణాలకు చూపించాలి. చూపించే ఆ చెయ్యి పేరు హెచ్‌ఎల్‌ఏ-డీఆర్. అది తగ్గిపోతే క్రిమి ఎదురుగా ఉన్నా కబురు అందదు. ఒంట్లో ఏళ్లుగా నిద్రపోతున్న హెర్పిస్ వైరస్‌లు కూడా అప్పుడే లేస్తాయి. ఎంత బలమైన మనిషికైనా ఇది జరగొచ్చు. వెంటిలేటర్ గొట్టం ఉంటే ఊపిరితిత్తులకు మరీ ప్రమాదం.

కాలర్: మా అత్త తిప్పతీగ కషాయం కాచి తెచ్చింది సార్, ఇమ్యూనిటీకి. ముక్కు గొట్టంలో పోయమంటారా?

డాక్టర్: వద్దమ్మా, దయచేసి వద్దు. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. ఈ దశలో అందరికీ ఇచ్చి కాపలాను లేపే మందు మా దగ్గరా ఇంకా లేదు. చీము ఉంటే తీసేయడం, సరైన యాంటీబయాటిక్ ఆలస్యం లేకుండా పడటం, గొట్టంలో ఆహారం, వీటితోనే ఆయన్ని నిలబెట్టాలి. చూడ్డానికి ఎంతమంది వస్తున్నారు?

కాలర్: రోజూ ఆటో నిండా వస్తారు సార్.

డాక్టర్: ఒక్కరే వెళ్లండి. గాజులు, ఉంగరాలు తీసి, తలుపు దగ్గరి శానిటైజర్‌తో వేళ్ల సందులు, గోళ్ల చివర్లు తడిసేలా అర నిమిషం రుద్దుకోండి. పక్కన కూర్చుని ఆయనతో మాట్లాడండి. మరిది ఉన్నాడా? ఒకసారి ఫోన్ ఇవ్వండి.

మరిది: చెప్పండి సార్.

డాక్టర్: గొడవ వద్దు బాబూ, రేపు రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడగండి. కల్చర్‌లో, అంటే రక్తం, కఫం లాంటివి తీసి క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏ క్రిమి పెరిగింది, ఇస్తున్న మందు దాని మీద పనిచేస్తోందా? మెడ దగ్గర మందులెక్కించే లైను, మూత్రం గొట్టం ఇంకా అవసరమేనా? అవసరం తీరిన గొట్టం ఒక్క రోజు ఎక్కువ ఉన్నా క్రిములకు దారే.

మరిది: రాసుకుంటున్నా సార్. ఆ కల్చర్ సంగతి ఇంకోసారి చెప్పండి.