వీపు చూసి మేకను నమ్మొద్దు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున మటన్ షాపు ముందు నిలబడి "అన్నా, చర్బీ తక్కువ ఉండాలె" అననివాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? రంజాన్ వస్తే మాత్రం హలీం మీద నెయ్యి తేలాలంటాం, అది వేరే సంగతి. ఇంతకీ ఆ "తక్కువ" అంటే ఎంత? త్రాసు బరువు చెబుతుంది గానీ అందులో కొవ్వెంతో చెప్పదు.

ఆస్ట్రేలియాలో గొర్రెకు ఒక పద్ధతి ఉంది. తోలు తీసి వేలాడదీశాక, పన్నెండో పక్కటెముక మీద, వెన్ను మధ్య గీతకు 110 మిల్లీమీటర్ల దూరంలో ఎముక దాకా మందం కొలుస్తారు. 5 మిల్లీమీటర్ల లోపైతే కొవ్వు స్కోరు 1, అంటే బాగా తక్కువ. 20 దాటితే 5, అంటే బాగా ఎక్కువ. నిజానికి అది కొవ్వు ఒక్కదాని మందం కాదు, కండ కూడా కలిసే ఉంటుంది. అయినా లెక్క కుదురుతుంది, ఎందుకంటే జీవం బలిసేకొద్దీ అక్కడ ఎక్కువగా పేరుకునేది కొవ్వే. పందులకైతే లైటున్న సూది గుచ్చుతారు. కొవ్వు వెలుతురును బాగా తిప్పికొడుతుంది, కండ అంతగా కొట్టదు. ఆ తేడాను బట్టి మిషన్ మందం చెప్పేస్తుంది.

ఇదే స్కేలు తెచ్చి మన మేక మీద పెడితే మోసపోతాం. నేనూ మోసపోయాను. వీపు మీద కొవ్వు పొర కాగితమంత ఉంటే "బక్కది" అని రాసుకున్నాను. పొట్టలో చూస్తే గుర్దాలు కనబడనంత కొవ్వు! మేక తీరే అంత. తోలు కింద తక్కువ, లోపల ఎక్కువ దాచుకుంటుంది. పేగుల మీద వలలా ఉండే కొవ్వు పేగులతోనే బయటికి పోతుంది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పైగా మన దగ్గర కోసిన కొద్ది గంటల్లోనే అమ్మేస్తాం. చల్లబడని కొవ్వు మెత్తగా ఉంటుంది, స్కేలు దిగబడిపోతుంది. ఒలిచేవాడు తొందరపడితే సగం కొవ్వు తోలుతోనే ఊడొస్తుంది.

అందుకే నేనైతే గుర్దాల చుట్టూ ఉన్న కొవ్వు తీసి తూచమంటాను. 12 కిలోల మేకలో అది 300 గ్రాములు వచ్చిందనుకోండి, 2.5 శాతం. ల్యాబ్‌లో మాంసం ముక్కలోని కొవ్వును ద్రావకంతో కరిగించి తీసే సాక్స్‌లెట్ పరీక్ష ఇంతకంటే కచ్చితం. 1879లో పాలలో కొవ్వు కోసం పుట్టిన పద్ధతి అది. కాకపోతే గంటలు పడుతుంది, ఇచ్చిన ముక్క సంగతే చెబుతుంది.

పక్క గదిలో ఒక మేకపోతు, ఒక పొట్టేలు వేలాడుతున్నాయి. ముందు వీపులు చూసి దేనిలో కొవ్వెక్కువో చీటీ మీద రాసివ్వండి. గుర్దాల కొవ్వు ఆ తర్వాతే తూద్దాం.