క్రిటాలో బర్న్-జోన్స్ ముళ్లపొద: స్కెచ్ వరకు

హాయ్ అండీ. ఇవాళ క్రిటాలో, అంటే కంప్యూటర్లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో, ఒక ముళ్లపొద స్కెచ్ వేద్దాం. స్క్రీన్ మీద ఉన్నది ఇంగ్లిష్ చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ పెయింటింగ్, ‘లవ్ అండ్ ది పిల్‌గ్రిమ్’. రెక్కలున్నాయన ప్రేమదేవుడు. ఆ యాత్రికుణ్ణి చెయ్యి పట్టుకుని ముళ్లలోంచి బయటికి లాక్కొస్తున్నాడు, చూశారా? 1897లో పూర్తయింది, ఇప్పుడు లండన్ టేట్ గ్యాలరీ వాళ్ల దగ్గరుంది. మూలం 13వ శతాబ్దపు ఫ్రెంచ్ కావ్యం, ‘రొమాన్స్ ఆఫ్ ది రోజ్’. ఇంగ్లిష్ కవి ఛాసర్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. అందులో గులాబీ అంటే ప్రియురాలే.

సరే, కొత్త ఫైల్. 3000 బై 1550 పిక్సెళ్లు. అసలు కాన్వాస్ వెడల్పు మూడు మీటర్ల పైనే, ఎత్తు మీటరున్నర, అందుకని. ఫోటో కింద లేయర్‌లో పెట్టి, అది లేతగా కనిపించేలా ఒపాసిటీ తగ్గించి, లాక్. పైన కొత్త లేయర్. మనుషులిద్దరూ... తల, భుజం, చేతులు, ఇలా, ఇలా. అయిపోయింది.

ఇప్పుడు ముళ్లపొద. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఒక్కో కొమ్మ పట్టుకుని గీసుకుంటూ పోతే ఏ కొమ్మ ఎటు పోయిందో కాసేపటికి మీకే తెలీదు. కొమ్మని వదిలేయండి. కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీ ఉంది కదా, ఇదిగో ఇది, ఆ ఖాళీ ఆకారం గీయండి. పక్కది. దాని పక్కది. చూడండి, కొమ్మ దానంతటదే తేలింది. ముళ్లు చివర్లో, చిన్న బ్రష్‌తో.

అసలిది మొదట కుట్టుపనికి గీసిన డిజైన్ అండీ. 1870ల్లో డిజైనర్ విలియం మోరిస్‌తో కలిసి, యార్క్‌షైర్‌లో రౌంటన్ గ్రేంజ్ అనే ఇంటి గోడలకి. కుట్టులో లోతు కన్నా గీతే ముఖ్యం. అందుకే లోతు చూపిద్దామని షేడింగ్ మొదలెట్టకండి, పొద మొత్తం మసకైపోతుంది.

మధ్యమధ్యలో ఎమ్ నొక్కండి. బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, వంకరలన్నీ బయటపడతాయి. నేనైతే ఊరికే నొక్కుతూనే ఉంటా. మళ్లీ ఎమ్, మామూలే.

తల చుట్టూ పిట్టలు. అందంగా ఉంటాయని పెట్టినవి కావు, కావ్యంలోనే ప్రేమదేవుడి తల చుట్టూ పిట్టలు ఎగురుతుంటాయి. రెక్కకో గీత, ఒంటికో గీత, చాలు. ఈకల జోలికి పోవద్దు. కింద ఫోటో లేయర్ ఆఫ్ చేసి... ఆ, సేవ్ చేసేయండి.