పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఏఐ: మూడు కొటేషన్లు ఇచ్చి చూద్దాం

నమస్తే అండీ. పర్చేజ్‌లో చేరిన కొత్తవాళ్లకి ముందు అప్పజెప్పేది కంపారిటివ్ స్టేట్‌మెంటే. కొటేషన్లు పక్కన పెట్టుకుని రేట్లు ఎక్సెల్‌లో కొట్టడం. చాట్ ఏఐ ఆ పని ఎంతవరకు లాక్కొస్తుందో చూద్దాం.

స్క్రీన్ మీద ఉన్నవి నమూనా కొటేషన్లు. 2 ఇంచ్ స్టీల్ బాల్ వాల్వ్‌లు, 40. 'ఏ' అనే వెండర్ (సరుకు అమ్మేవాడు) రేటు ఒక్కోటి 2,150. ప్యాకింగ్ 2 శాతం, లారీ కిరాయి 3,500, జీఎస్టీ 18 శాతం, అన్నీ అదనం. 30 రోజుల అప్పు. బీ రేటు 2,620, జీఎస్టీ కలిపి, మన గేటు దగ్గర డెలివరీ. సీ 2,240, జీఎస్టీ అదనం, గేటు డెలివరీయే, కానీ డబ్బంతా ముందే కట్టాలి. సరుకు ఎవరైనా ఆరు వారాలకే ఇస్తారు.

"ఎవరిది తక్కువ?" అని ఊరికే అడిగితే, అంకె చిన్నది కాబట్టి ఏ అనేస్తుంది. లెక్క వేయండి. ఏకి 86,000, ప్యాకింగ్ 1,720, కిరాయి 3,500, మొత్తం 91,220. ఒక్కోటి 2,280 పైనే పడింది. జీఎస్టీ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది కాబట్టి పన్ను తీసేసే పోల్చాలి. అలా చూస్తే బీ 2,220. ఖరీదుగా కనిపించినవాడే చౌక!

ఆగండి, మెటీరియల్ గడి చూడండి. ఇండెంట్‌లో, అంటే మన ప్లాంట్ వాళ్లు ఇచ్చిన కోరిక పత్రంలో, అడిగింది సీఎఫ్8ఎం, అంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్ఎస్) పోత. బీ ఇచ్చింది సీఎఫ్8, అంటే 304 రకం. ఒక్క ఎం అక్షరం తేడా. బీ ఇచ్చినదాంట్లో తుప్పుని తట్టుకునే మాలిబ్డినం ఉండదు, క్లోరైడ్ ఉన్న లైన్‌లో గుంతలు పడి కారుతుంది. ఏఐ రెండింటినీ "ఎస్ఎస్ బాల్ వాల్వ్" అని ఒకే వరుసలో పెట్టేస్తుంది. బీ అవుట్.

ఇక సీ మొత్తం 89,600, ఏ కంటే 1,620 తక్కువ. కానీ ఆ డబ్బు 72 రోజులు ముందే పోతుంది: డెలివరీకి ఆరు వారాలు, ఆపైన ఏ ఇచ్చే 30 రోజుల అప్పు. బ్యాంకు వడ్డీ 12 శాతం వేసినా 2,100 దాటుతుంది. చివరికి ఏనే! జవాబు ఏఐ చెప్పిందే, దారి మాత్రం తప్పు. ఆడిటర్ అడిగితే సరైన దారి మీరే చూపించాలి.

అందుకే ఇలా అడగండి: రేటు, ప్యాకింగ్, కిరాయి, పన్ను, గ్రేడ్, పేమెంట్, డెలివరీ వేరువేరు గడుల్లో పెట్టు, పక్కన పేజీ నంబర్ వేయి, కొటేషన్‌లో లేనిదానికి "లేదు" అని రాయి. గుణకారాలు ఎక్సెల్ ఫార్ములాకే వదలండి. స్కాన్ కాపీలో అంకె మీద రబ్బరు స్టాంపు పడితే కంటితో సరిచూసుకోండి.

బేరం మెయిల్ రాయించినా జాగ్రత్తే. 90 రోజుల అప్పు అడుగుతూ చక్కగా రాసిస్తుంది. అవతలిది ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) నమోదైన చిన్న తయారీ యూనిట్ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ.

బేరం మొత్తం మెషీన్‌కి అప్పగించిన చోట్లూ ఉన్నాయి. వాల్‌మార్ట్ 2021లో కెనడాలో పాక్టమ్ చాట్‌బాట్‌తో 89 మంది సప్లయర్లని కదిపితే 64 శాతం మందితో ఒప్పందం కుదిరింది. కొనుగోలుదారులకి తీరిక దొరకని చిల్లర కాంట్రాక్టులు అవి.

మరి ఏం నేర్చుకోవాలి? నన్నడిగితే ఐటమ్ మాస్టర్, అంటే కంపెనీ కొనే వస్తువుల కోడ్ల జాబితా, శుభ్రం చేయడం. 6205 జెడ్‌జెడ్, 6205-2జెడ్ ఒకే బేరింగ్, రెండిటికీ రెండువైపులా లోహపు మూత, కంపెనీని బట్టి రాత మారుతుంది. 2ఆర్ఎస్ మాత్రం వేరు, దానికి రబ్బరు సీలు. ఇది తెలియకుండా కోడ్లు కలిపేస్తే ఏఐ చెప్పే స్టాక్ లెక్క స్టోర్‌లో దొరకదు.

ఇంకొకటి, కొటేషన్ అప్‌లోడ్ చేసేముందు వెండర్ పేరు, బ్యాంకు వివరాలు చెరిపేయండి. ఉచిత ఖాతాలో అయితే అసలు పెట్టకండి.