డాష్‌బోర్డు చేసేది ఒకరు, చూసేది పదకొండు మంది

(విజయవాడలో డేటా అనాలిసిస్ నేర్చుకుంటున్నవారికి, సొంతంగా క్లయింట్ల పని మొదలుపెట్టినవారికి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ల లైసెన్సుల గురించి మాట్లాడమన్నారు. నిద్రొస్తే నేనేమీ అనుకోను. డబ్బుల లెక్క వచ్చినప్పుడు మాత్రం పక్కవాళ్లను ఒకసారి లేపండి.

నాలుగేళ్ల కిందట గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి వ్యాపారి దగ్గర పని ఒప్పుకున్నాను. మిర్చి యార్డులో ఈ రోజు ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, కొన్నాం, తేజ రకం ఎంత, 334 రకం ఎంత, ఏ రేటుకు, ఏ కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎంతుంది. ఆయనకు కావలసింది ఇంతే. ఎక్సెల్ ఫైళ్లన్నీ గుమాస్తా గారి దగ్గరున్నాయి. లెక్కల్ని బొమ్మలుగా చూపించే మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐ డెస్క్‌టాప్ ఎలాగూ ఉచితం కాబట్టి దించుకుని రెండు వారాల్లో చేసేశాను. నా ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ఓనరు గారు తెగ సంతోషించి, "ఇది నా ఫోన్లో రావాలయ్యా. మా బావమరిదికీ రావాలి" అన్నారు.

చిక్కంతా అక్కడే మొదలైంది. పవర్ బీఐలో రిపోర్టు తయారు చెయ్యడానికి పైసా అక్కర్లేదు. దాన్ని ఇంకొకరికి చూపించాలంటే మాత్రం పంపేవాళ్లకీ 'ప్రో' అనే డబ్బులు కట్టే లైసెన్స్ ఉండాలి, చూసేవాళ్లకీ ఉండాలి. పైగా ఖాతాకు సంస్థ మెయిల్ ఐడీ కావాలి, జీమెయిల్ చెల్లదు. యార్డులో కోట్ల వ్యాపారం చేసేవాళ్ల దగ్గర కూడా ఉండేది జీమెయిలే, అదీ వాళ్లబ్బాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు తెరిచిపెట్టింది.

లైసెన్సుల ఖర్చు మాట ఆయనతో ఎత్తడానికి మొహమాటపడి, 'పబ్లిష్ టు వెబ్' అనే ఆప్షన్ నొక్కాను. లింకు వచ్చింది, వాట్సాప్‌లో పెట్టాను, అందరి ఫోన్లలో తెరుచుకుంది. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

మూడో వారంలో గుమాస్తా గారి ఫోను. "సార్, మనం నిన్న తేజ ఎంతకు కొన్నామో పక్క కొట్టాయన చదివి వినిపిస్తున్నాడు. ఆయన ఫోన్లో మన బొమ్మలే ఉన్నాయి." లింకు ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి పోయింది. ఆ లింకుకు పాస్‌వర్డ్ ఉండదు, ఎవరి చేతికి దొరికితే వాళ్లకు తెరుచుకుంటుంది. నొక్కే ముందు ఆ హెచ్చరిక తెర మీద కనిపిస్తుంది కూడా. చదవకుండా నొక్కింది నేను. వెంటనే లింకు తీసేశాను గానీ, అప్పటికే తీసుకున్న స్క్రీన్‌షాట్లను ఎవరు తీస్తారు? సీజన్ మధ్యలో కొనుగోలు రేటు బయటపడితే ఏమవుతుందో గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. రైతుల ఫోన్ నంబర్లు ఆ పేజీలో లేకపోవడం నా అదృష్టం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, భద్రత చూసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అని రాసి ఉంది. డాష్‌బోర్డులు అందరికీ కనిపించేలా పెట్టే టాబ్లో పబ్లిక్ అనే ఉచిత సైటు కూడా ఇలాంటిదే, పేరులోనే చెబుతోంది. మీ పనితనం చూపించుకోవడానికి వాడండి, క్లయింట్ సరుకు అందులో పెట్టకండి.

తర్వాత బుద్ధిగా కూర్చుని చూసేవాళ్ల జాబితా రాశాను. ఓనరు గారు, బావమరిది, గుమాస్తా, యార్డులో కొనేవాళ్లు ఇద్దరు, కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్లు నలుగురు, ఆడిటరు, చెన్నైలో షిప్పింగ్ ఏజెంటు. పదకొండు మంది. నాతో పన్నెండు. అప్పట్లో ప్రో ధర మనిషికి నెలకు 10 డాలర్లు, అంటే మొత్తం 120. 2025 ఏప్రిల్ నుంచి అది 14 అయింది, ఇప్పుడైతే 168. ఆడిటరు, ఏజెంటు బయటివాళ్లు కదా అని వదిలేయకండి. అతిథిగా పిలిచినా లైసెన్స్ ఉండాల్సిందే.

మనిషికింత అని కాకుండా మొత్తానికి కెపాసిటీ, అంటే మైక్రోసాఫ్ట్ సర్వర్లలో కొంత సామర్థ్యం, కొనే పద్ధతి కూడా ఉంది, ఫాబ్రిక్ అంటారు. అందులో ఎఫ్64 సైజు గానీ, ఆ పైన గానీ తీసుకుంటే చూసేవాళ్లకు ఉచిత లైసెన్స్ చాలు. అది వందల మంది చూసే కంపెనీలకు గిట్టుబాటు. చిన్నది, ఎఫ్2 లాంటిది, కొన్నామా, దానికీ కట్టాలి, చూసే ప్రతివాళ్లకీ ప్రో మళ్లీ కట్టాలి. దున్నబోతే దూడల్లో, మేయబోతే ఎద్దుల్లో.

ఒకే లాగిన్ పదకొండు మందికి ఇస్తే పోలా అని మీలో ఎవరో అనుకుంటున్నారు, నాకు తెలుసు. అది నిబంధనలకు విరుద్ధం, లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, డేటాలో ఎవరి వరుసలు వాళ్లకే కనిపించే ఏర్పాటు లాగిన్ మీదే ఆధారపడి ఉంటుంది. అందరూ ఒకే పేరుతో వస్తే సూపర్‌వైజరుకు కూడా ఓనరు గారి లాభం కనిపిస్తుంది.

జీమెయిల్ క్లయింట్లకు నేను ముందు చూసేది గూగుల్ వాళ్ల డాష్‌బోర్డు సాధనం లుకర్ స్టూడియో. 2022 వరకు డేటా స్టూడియో అనేవాళ్లం. ఉచితం, పేరుపేరునా షేర్ చెయ్యొచ్చు. 'లింకు ఉన్న ఎవరికైనా' అన్నది మాత్రం నొక్కకండి, నా కథ మళ్లీ మొదలవుతుంది.

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేవాటిలో, సూపర్‌సెట్, మెటాబేస్ అనే డాష్‌బోర్డు సాధనాలు ఉన్నాయి. సూపర్‌సెట్‌ది అపాచీ లైసెన్స్, మార్చుకుని వాడుకున్నా పేచీ లేదు. మెటాబేస్ ఉచిత వెర్షన్‌ది ఏజీపీఎల్ అనే లైసెన్స్. ఉన్నదున్నట్టు వాడితే ఇబ్బంది లేదు గానీ, కోడ్ మార్చి నెట్‌వర్క్ మీద క్లయింటుకు అందిస్తే, ఆ మార్చిన కోడ్ కూడా వాళ్లకు అందుబాటులో పెట్టాలి. లైసెన్స్ డబ్బు మిగిలినా, రాత్రి పదింటికి సర్వర్ ఆగిపోతే లేచేది మీరే. ఆ జీతం మీ కొటేషన్‌లో వేసుకోండి. అన్నట్టు, పైథాన్ ఉచితమే గానీ, 200 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలో అనకొండ, అంటే పైథాన్‌నూ దాని లైబ్రరీలనూ కలిపి ఇచ్చే ప్యాకేజీ, పెట్టాలంటే డబ్బు కట్టాలి.

కాలేజీ ఇచ్చిన స్టూడెంట్ లైసెన్స్ క్లయింట్ పనికి వాడకండి. ఇక లైసెన్సులు ఎవరి పేరు మీద కొనాలి? నా మాట వింటే క్లయింట్ పేరు మీదే. మీకు జ్వరమొచ్చినా, పని మానేసినా ఆయన వ్యాపారం ఆగకూడదు. బిల్లు నేరుగా ఆయనకే వెళ్తే, ప్రతి నెలా మీరు డబ్బులు అడిగే బాధ కూడా ఉండదు.

మిర్చి వ్యాపారి సంగతి చెప్పి ముగిస్తాను. చివరికి సంస్థ మెయిల్ ఐడీల కోసం సంస్థ పేరున డొమైన్ కొనిపించి, పదకొండు మందిలో నలుగురికే లైసెన్స్ తీసుకున్నాం. ఓనరు గారికీ, లైసెన్స్ లేని మిగిలినవాళ్లకూ రోజూ పొద్దున ఒక పేజీ పీడీఎఫ్ వాట్సాప్‌లో గుమాస్తా గారే పంపుతారు, ఎవరికి ఏది అవసరమో అదే. ఏడాది తర్వాత ఎవరెంత చూస్తున్నారో లెక్క తీశాను. ఓనరు గారు ఒక్కసారి కూడా తెరవలేదు. "నాకు ఆ పీడీఎఫ్ చాలయ్యా" అన్నారు. ఆ లైసెన్స్ తీసి కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరుకు ఇచ్చాం.